శ్రీకాకుళం, విజయనగరం దగ్గర్లో ఆడే స్థితిలో ఉన్న పిన్‌బాల్ మిషన్ ఎక్కడైనా ఉందా?

నాగావళి ఒడ్డు
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మేం ఉండేది శ్రీకాకుళం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఫోన్‌లో పిన్‌బాల్ తెగ ఆడుతుంది. నిజం మిషన్ మీద, ఇనుప బంతితో ఆడితే ఎలా ఉంటుందో చూడాలని దానికి ఎప్పట్నుంచో కోరిక. నాకూ ఉంది.

ఊళ్ళో అడిగి చూశాను. ఏడు రోడ్ల జంక్షన్ నుంచి డే అండ్ నైట్ దాకా గేమ్స్ అని బోర్డు కనిపించిన చోటల్లా మెట్లెక్కి దిగాను. క్యారమ్స్ ఉన్నాయి, స్నూకర్ ఉంది, ప్లేస్టేషన్ ఉంది. పిన్‌బాల్ అంటే "ఏటి సార్ అది?" అన్నవాళ్ళే ఎక్కువ. విజయనగరం, బొబ్బిలి, రాజాం, పలాస, ఎక్కడైనా సరే వస్తాం. మరీ లేకపోతే వైజాగ్. ఒక్కటే మనవి. "అక్కడ ఉండేది" అని వదిలేయకుండా, చివరగా ఎప్పుడు చూశారో, అప్పుడు ఆడుతోందో లేదో కూడా రాయండి. పిల్లని తీసుకుని అంత దూరం వెళ్ళాక దుప్పటి కప్పిన మిషన్ చూపిస్తే దాని ముఖం చూడలేను.

గంటస్తంభం సెంటర్
శనివారం, రాత్రి 9:40

వైజాగ్‌లో ఒక మాల్‌లో పై అంతస్తు గేమ్ జోన్‌లో ఉందండీ. పండక్కి పిల్లలతో వెళ్ళినప్పుడు చూశాను. కార్డు గీకితే బంతి వస్తుంది, కింద గళ్ళలో పడితే టిక్కెట్లు వస్తాయి. జనం బాగానే ఆడుతున్నారు.

బొబ్బిలి వీణ
శనివారం, రాత్రి 10:05

గంటస్తంభం గారూ, మీరు చెప్పినదాన్ని నేనూ చూశాను. అక్కడ బంతిని వదలడం వరకే మన పని. తర్వాత అది మేకులకి తగులుతూ ఏ గడిలో పడితే ఆ టిక్కెట్లు. నాగావళి గారి అమ్మాయి అడిగేది అది కాదు. గ్లాసు కింద వాలుగా ఉన్న బోర్డు, పెట్టెకి రెండు పక్కలా రెండు బటన్లు, బటన్ నొక్కితే టక్కున లేచి బంతిని కొట్టే రెక్కలు, అంటే ఫ్లిప్పర్లు, ఇవి ఉంటేనే వెళ్ళండి. ఫ్లిప్పర్లు లేకపోతే బండి తీయక్కర్లేదు.

మన ఇళ్ళలో చెక్క మీద మేకులు కొట్టి, స్ప్రింగు కడ్డీ లాగి గోలీ వదిలే బోర్డు ఉండేది గుర్తుందా? దాని పేరు బాగాటెల్. ఆ స్ప్రింగు కడ్డీకి 1871లో అమెరికాలో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. ఫ్లిప్పర్లు మాత్రం 1947లో గానీ రాలేదు. షికాగోలో గాట్లీబ్ కంపెనీ తెచ్చిన హంప్టీ డంప్టీ అనే మిషన్‌తో మొదలు. దానికి ఆరు ఫ్లిప్పర్లు. బంతి మీద ఆడేవాడికి పట్టు దొరికింది అప్పుడే.

ఆమదాలవలస ప్యాసింజర్
శనివారం, రాత్రి 10:31

విండోస్ ఎక్స్‌పీలో ఉండేది కదా అన్నా, స్పేస్ క్యాడెట్ పిన్‌బాల్! నెట్ సెంటర్‌లో గంటకి డబ్బులు కట్టి మెయిల్ చూడకుండా అదే ఆడేవాళ్ళం. విస్టాలో తీసేశారు. నిజం మిషన్ దొరికితే నన్నూ పిలవండి, నేను రోజూ వైజాగ్ ట్రైన్‌లోనే తిరుగుతాను. విజయనగరంలో దిగడం నాకు కష్టం కాదు.

కవిటి కొబ్బరితోట
ఆదివారం, ఉదయం 6:50

నేను ఓడల్లో ఫిట్టర్‌గా చేసి వచ్చాను. మా ఉద్దానం నుంచి బయటికి పోయినవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. రేవుల్లో ఓడ ఆగినప్పుడు నావికుల క్లబ్బులకి వెళ్ళేవాళ్ళం. అక్కడ ఆడాను ఈ మిషన్లు. అందుకే నాగావళి గారు అడిగిన రెండో మాట నాకు నచ్చింది. మిషన్ ఉండటం వేరు, ఆడటం వేరు. లైట్లు వెలుగుతాయి, పాట వస్తుంది, బంతి మాత్రం ఎక్కడో ఇరుక్కుని బయటికి రాదు. అలాంటివి చాలా చూశాను.

వెళ్ళేముందు ఫోన్ చేసి "పిన్‌బాల్ ఉందా" అని మాత్రం అడగొద్దు. ఉందనే అంటారు. ఇలా అడగండి: గ్లాసు కింద ఇనుప బంతి ఉందా? బంతి పోయాక దానంతట అదే మళ్ళీ వస్తోందా, లేక మీరు గ్లాసు తీసి పెట్టాలా? రెండు ఫ్లిప్పర్లూ ఒకే బలంతో లేస్తున్నాయా? చివరగా ఎవరైనా డబ్బులిచ్చి ఆడింది ఎప్పుడు? ఈ ఆఖరి ప్రశ్నకి తడుముకుంటే సంగతి అర్థమైపోతుంది. ఫోన్ పట్టుకున్నవాడు మంచివాడైతే వీడియో కాల్‌లో ఒక్క బంతి ఆడి చూపించమనండి. పది ఊళ్ళు తిరగడం తప్పుతుంది.

ఇంకో సంగతి. పిన్‌బాల్ మ్యాప్ అని ఒకటి ఉంది, వెబ్‌సైటూ యాప్ రెండూ ఉన్నాయి. అమెరికాలో పోర్ట్‌లాండ్ ఊరి కోసం 2008లో మొదలుపెట్టారు, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. ఎక్కడ ఏ మిషన్ ఉందో ఆడేవాళ్ళే నింపుతారు. దాని కింద "ఎడమ ఫ్లిప్పర్ బలహీనం", "రెండో లైను డిస్‌ప్లే పోయింది" అని తేదీతో సహా రాస్తారు. ఆ తేదీలోనే ఉంది విలువంతా. మనవైపు ఒక్క మిషన్ దొరికినా అందులో ఎక్కించాలి.

పార్వతీపురం మేస్టారు
ఆదివారం, ఉదయం 9:15

ఒక సందేహం. డబ్బులు వేసి, బంతి ఎటు పోతుందో చూసే ఆట అంటే జూదం లాంటిది కాదా? తొమ్మిదో తరగతి పిల్లని తీసుకెళ్ళే చోటేనా అని అడుగుతున్నాను. తప్పుగా అనుకోకండి, పిల్లలతో ఉండేవాణ్ణి కాబట్టి నాకు ఆ ఆలోచనే ముందు వస్తుంది.

బొబ్బిలి వీణ
ఆదివారం, ఉదయం 10:20

మేస్టారూ, అడగాల్సిన మాటే అడిగారు. న్యూయార్క్ నగరం సరిగ్గా ఇదే అనుమానంతో 1942లో ఈ మిషన్లని నిషేధించింది. అప్పటి మేయర్ లాగార్డియా మిషన్లు పట్టించి సుత్తులతో పగలగొట్టించాడు. అప్పటికి ఫ్లిప్పర్లు లేవు, నెగ్గితే డబ్బిచ్చే మిషన్లూ ఉండేవి, కాబట్టి ఆ అనుమానం ఊరికే రాలేదు. ఫ్లిప్పర్లు వచ్చాక కూడా నిషేధం చాలా ఏళ్ళు అలాగే ఉండిపోయింది. చివరికి 1976లో రోజర్ షార్ప్ అనే రచయిత నగర కౌన్సిల్ వాళ్ళ ముందు మిషన్ మీద ఆడి చూపించాడు. బంతిని వదిలేముందే ఏ దారిలోంచి పోతుందో చెప్పాడు, ఆ దారిలోంచే పంపాడు. నిషేధం ఎత్తేశారు.

ఇందులో నెగ్గితే వచ్చేది ఇంకో ఆట, అంతే. ఎనభై గ్రాముల బంతి, ఇరవై ఏడు మిల్లీమీటర్ల అడ్డుకొలత. దాన్ని ఫ్లిప్పర్ మీద ఆపి, చూసుకుని, కావాల్సిన చోటికి కొట్టడం నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. ఆడపిల్లలు ఈ ఆటకి రావాలని నాకు గట్టిగా ఉంది. చోటు విషయంలో మాత్రం మీరన్నది నిజం. ముందు పెద్దవాళ్ళెవరైనా వెళ్ళి చూసి రావాలి.

పార్వతీపురం మేస్టారు
ఆదివారం, ఉదయం 10:48

అయితే సరే. వివరంగా చెప్పినందుకు సంతోషం. మా మనవణ్ణి కూడా రాసుకోండి.

ఏడురోడ్ల జంక్షన్
ఆదివారం, సాయంత్రం 5:30

ఒక ఆచూకీ దొరికింది. పూర్తిగా చదవండి.

మా బావమరిది విజయనగరంలో ఉంటాడు. కోటకి నడిచి వెళ్ళేంత దూరంలో మేడ మీద ఒక స్నూకర్ పార్లర్ ఉంది. ఓనరుగారిని అడిగాకే పేరు పెడతాను. మధ్యాహ్నం నేను స్వయంగా వెళ్ళి చూశాను. టేబుళ్ళు దాటి లోపలికి వెళితే గోడవారగా నిజమైన పిన్‌బాల్ మిషన్ నిలబడి ఉంది. పైన అట్టపెట్టెలు పెట్టేశారు. అవి దింపి చూస్తే సైక్లోన్ అని ఉంది, విలియమ్స్ కంపెనీ. వైజాగ్‌లో ఏదో క్లబ్ మూసేసినప్పుడు మిగతా సామాన్లతో కలిపి లాట్‌గా కొన్నారట.

ఆయన ప్లగ్ పెట్టారు. వెలిగింది! లోపల చిన్న రంగులరాట్నం ఉంది, మోటారు మీద తిరుగుతోంది. స్టార్ట్ నొక్కితే బంతి వచ్చింది. కుడి ఫ్లిప్పర్ బ్రహ్మాండం. ఎడమది లేస్తుంది గానీ బంతిని సగం దూరం కూడా పంపడం లేదు. అంకెలు కనబడే చోట కొన్ని గీతలు రావడం లేదు. రబ్బర్లు ఎండి బీటలిచ్చాయి. బంతి మీద చిన్న చిన్న గుంటలు, తుప్పు. ప్లగ్ పీకి మళ్ళీ పెడితే పాత స్కోర్లు గుర్తుండటం లేదు. పార్లర్ శుభ్రంగా ఉంది, లోపల సిగరెట్ తాగనివ్వడం లేదు. మేస్టారు అడుగుతారని అదీ చూశాను.

నాగావళి ఒడ్డు
ఆదివారం, సాయంత్రం 5:44

ఇంత దగ్గర్లోనా! మా అమ్మాయికి చదివి వినిపించాను. ఎడమ ఫ్లిప్పర్ ఎందుకు బలంగా లేదు, బాగవుతుందా అని అడుగుతోంది. నాకు తెలీదు. ఎవరైనా చెప్పగలరా?

చీపురుపల్లి వైండింగ్
ఆదివారం, రాత్రి 8:25

పాపకి చెప్పండి, నూటికి తొంభై పాళ్ళు బాగవుతుంది. నేను మోటార్లు చుట్టేవాణ్ణి. వైజాగ్‌లో పాత గేమ్ మిషన్లు బాగుచేసే ఆయన దగ్గర కొన్నాళ్ళు పని చేశాను. సైక్లోన్ 1988 మిషన్. ఈ వరసలో ముందు కామెట్ 1985లో వచ్చింది, తర్వాత హరికేన్ 1991లో.

ఫ్లిప్పర్ కింద ఒక కాయిల్ ఉంటుంది. అందులో రెండు చుట్లు. లావు తీగది బలంగా గుంజుతుంది, నాలుగైదు ఓమ్‌లే చూపిస్తుంది. సన్న తీగది లేచిన ఫ్లిప్పర్‌ని పట్టి ఉంచడానికి, వంద ఓమ్‌ల పైన చూపిస్తుంది. బటన్ నొక్కగానే లావు చుట్టు గుంజుతుంది. ఫ్లిప్పర్ పూర్తిగా లేచేసరికి చివర్లో ఒక రేకు స్విచ్ విడిపోయి లావు చుట్టుని తప్పిస్తుంది. ఇక సన్న చుట్టు ఒక్కటే పట్టుకుని ఉంటుంది. ఆ రేకు స్విచ్ మొనలు మసిబారితే లావు చుట్టుకి కరెంటు సరిగ్గా అందదు. అప్పుడు ఫ్లిప్పర్ లేస్తుంది గానీ కొట్టదు. ఏడురోడ్ల గారు చెప్పిన లక్షణం అచ్చం ఇదే. అదే స్విచ్ ఎప్పటికీ విడవకపోతే లావు చుట్టు కాలిపోతుంది. కాబట్టి వాసన వస్తే వెంటనే ఆపాలి.

స్విచ్ మొనలు సన్న ఆకురాయితో రెండు పట్లు పడితే చాలు. కానీ మిగతా స్విచ్‌లకి, అంటే బంతి తగిలితే పాయింట్లిచ్చే వాటికి, ఆకురాయి తగలనివ్వొద్దు. వాటి మొనలకి బంగారు పూత ఉంటుంది. మందపాటి విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి, రేకుల్ని వేలితో మెల్లగా నొక్కి, కార్డు లాగేస్తే శుభ్రమవుతాయి. ప్లంజర్‌కి, అంటే కాయిల్ లోపల ఆడే ఇనుప కడ్డీకి, నూనె పొయ్యొద్దు. ఎంత మంచి నూనె అయినా సరే. కాయిల్ లోపలి ప్లాస్టిక్ గొట్టం పొడిగానే పనిచెయ్యాలి, నూనె పడితే దుమ్ము పట్టి ముద్ద అవుతుంది.

స్కోర్లు గుర్తుండటం లేదన్నారు. వెనక పెట్టెలోని బోర్డు మీద మూడు పెన్సిల్ సెల్స్ ఉంటాయి, అవి అయిపోయి ఉంటాయి. అయిపోయినా ఫర్వాలేదు, కారితేనే ప్రమాదం. కారిన రసం బోర్డు మీది రాగిని తినేస్తుంది. చాలా మిషన్లు చచ్చిపోయేది దీనివల్లే. ఓనరుగారిని ముందు అది చూడమనండి. స్విచ్ ఆపితే చాలదు, గోడలోంచి ప్లగ్ పీకి చూడాలి. అంకెల డిస్‌ప్లేలకి వంద వోల్టుల దాకా వెళుతుంది, అటు చెయ్యి పెట్టొద్దు.

కవిటి కొబ్బరితోట
ఆదివారం, రాత్రి 9:10

వైండింగ్ తమ్ముడూ, ఇది చదివితే ప్రాణం లేచొచ్చింది. ఒక మాట కలుపుతాను. బంతిని ముందు మార్చండి. గుంటలు పడిన బంతి బోర్డు మీది రంగుని ఆకురాయిలా గీకేస్తుంది, రంగు పోతే మళ్ళీ రాదు. మా సముద్రపు గాలికి కొత్త బంతి కూడా తొందరగానే తుప్పు పడుతుంది. వారానికోసారి పొడిగుడ్డతో తుడవాలి. ఓనరుగారికి ఇష్టమైతే బంతి ఖర్చు నాది.

గంటస్తంభం సెంటర్
సోమవారం, ఉదయం 8:02

నేను ఉండేది ఆ పక్క వీధిలోనే. ఇన్నాళ్ళూ తెలీలేదు! వైండింగ్ గారు వస్తే స్టేషన్ నుంచి బండి మీద తీసుకెళతాను. భోజనం మా ఇంట్లోనే.

చీపురుపల్లి వైండింగ్
సోమవారం, మధ్యాహ్నం 1:15

గురువారం నాకు పని తక్కువ. ఓనరుగారు సరే అంటే వస్తాను. ఏడురోడ్ల గారూ, ఒక్క ఫొటో పంపించండి. పెట్టె కింద ట్రాన్స్‌ఫార్మర్, దాని తీగలు కనబడాలి. అమెరికా మిషన్లు 115 వోల్టులకి కట్టి ఉంటాయి, మనది 230. ట్రాన్స్‌ఫార్మర్‌లో తీగలు మార్చి కట్టే ఏర్పాటు ఉంటుంది. ఇది వెలిగింది కాబట్టి మార్చే ఉంటారు, అయినా చూడకుండా చెయ్యి వెయ్యను.

ఏడురోడ్ల జంక్షన్
సోమవారం, సాయంత్రం 4:40

ఫొటో పంపాను. ఓనరుగారు ఒప్పుకున్నారు. "ఎవరూ ఆడరనే పెట్టెలు పెట్టాం, ఆడేవాళ్ళుంటే తీసేస్తాం" అన్నారు.

గంటస్తంభం సెంటర్
గురువారం, రాత్రి 9:55

పని అయింది. చూసింది చూసినట్టు రాస్తాను.

వైండింగ్ గారు ప్లగ్ పీకి, గ్లాసు జార్చి తీసి, బోర్డుని పైకి ఎత్తి ఆనించారు. కింద అంతా తీగల అడవి. ఎడమ ఫ్లిప్పర్ దగ్గర రేకు స్విచ్ చూపించారు, మొనలు నల్లగా బొగ్గులా ఉన్నాయి. ఆకురాయి పట్టి, రేకుని కాస్త వంచారు. ఫ్లిప్పర్‌ని చేత్తో ఎత్తి చూపించారు. పూర్తిగా లేచే ముందు వెంట్రుకవాసి దూరంలో విడుతోంది. కాయిల్ రెండు చుట్లూ మీటర్‌తో చూశారు, బాగానే ఉన్నాయి. లోపలి ప్లాస్టిక్ గొట్టం అరిగిపోయింది, కొత్తది దొరికేదాకా కడిగి ఆరబెట్టి మళ్ళీ వేశారు. సెల్స్ అదృష్టవశాత్తూ కారలేదు, కొత్తవి వేశాం. బంతి కూడా కొత్తది వేశాం. బోర్డు మీద ఫోన్ పెట్టి వాలు కొలిస్తే నాలుగు డిగ్రీలే ఉంది. ఆరున్నర దగ్గర ఉండాలట. వెనక కాళ్ళ మరలు తిప్పి పెంచాం. బంతి వేగం అప్పుడు చూడాలి!

ప్లగ్ పెట్టాం. వైండింగ్ గారు ఎడమ ఫ్లిప్పర్ మీద బంతిని ఆపి కొట్టారు. ర్యాంప్ ఎక్కి, చుట్టు తిరిగి, గలగలమంటూ దిగింది. స్నూకర్ ఆడుతున్న కుర్రాళ్ళు కర్రలు పక్కన పెట్టి వచ్చేశారు. మేం బయల్దేరేసరికి వాళ్ళు వంతులు వేసుకుంటున్నారు.

నాగావళి ఒడ్డు
ఆదివారం, రాత్రి 8:30

ఈ రోజు వెళ్ళాం. మొదటి మూడు బంతులూ మధ్యలోంచే జారిపోయాయి. రెండు బటన్లూ ఒకేసారి నొక్కుతోంది, ఫోన్ అలవాటు. అక్కడున్న ఒక కుర్రాడు "అక్కా, బంతి ఏ పక్కకొస్తే ఆ పక్కదే నొక్కు" అన్నాడు. తర్వాత పట్టు దొరికింది. పెట్టెని గట్టిగా తోసేసరికి టిల్ట్ అని ఆట ఆగిపోయింది. ఎందుకని అడిగితే ఓనరుగారు ముందు తలుపు తీసి లోపల వేలాడే లోలకాన్ని చూపించారు. అది చుట్టూ ఉన్న రింగుకి తగిలితే టిల్ట్. ఆట కన్నా అదే నచ్చినట్టుంది దానికి, ఇంటికొచ్చాక దారం కట్టి ఒకటి చేస్తోంది. చివరి ఆటలో రంగులరాట్నం ఎక్కించింది. నేను పక్కన నిలబడి అరిచాను.

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. చీపురుపల్లి వైండింగ్ గారికి మరీను.

బొబ్బిలి వీణ
ఆదివారం, రాత్రి 9:05

మ్యాప్‌లో ఎక్కించడానికి స్థితి రాస్తున్నాను, తప్పుంటే దిద్దండి. సైక్లోన్, విలియమ్స్, 1988. రెండు ఫ్లిప్పర్లూ బాగున్నాయి. బంతి కొత్తది. అంకెల్లో కొన్ని గీతలు రావు, స్కోరు అర్థమవుతుంది. రబ్బర్లు మార్చాలి. సాయంత్రం నాలుగు తర్వాత వెళ్ళడం మంచిది. ఓనరుగారు పేరు పెట్టుకోమన్నారని ఏడురోడ్ల గారు చెబితే అప్పుడు ఎక్కిస్తాను. ఆడి వచ్చిన ప్రతివాళ్ళూ ఇక్కడ తేదీ వేసి ఒక్క ముక్క రాయండి. బాగుంటే బాగుందని కూడా రాయాలి.

ఆమదాలవలస ప్యాసింజర్
ఆదివారం, రాత్రి 9:32

రేపే దిగుతున్నా! ఇంకో సంగతి, మా ఫ్రెండుది పలాస. వాళ్ళ వీధిలో మూసేసిన స్కేటింగ్ హాల్ గోడౌన్‌లో పొడుగు కాళ్ళ పెట్టె ఒకటి ఉందట, మీద గ్లాసు ఉందట. తిత్లీ తుఫానప్పుడు కప్పు ఎగిరి నీళ్ళు పడ్డాయట. ఎవరైనా చూడగలరా?

చీపురుపల్లి వైండింగ్
ఆదివారం, రాత్రి 9:50

వచ్చే గురువారం వస్తాను. అప్పటిదాకా ఎవరినీ ప్లగ్ పెట్టనివ్వొద్దని మీ ఫ్రెండుకి గట్టిగా చెప్పండి. నీళ్ళు తాగిన ట్రాన్స్‌ఫార్మర్ అది. ముందు ఆరబెట్టి, కరెంటు లీకవుతోందేమో చూసే మీటర్, మెగ్గర్‌తో చూడాలి.

కవిటి కొబ్బరితోట
ఆదివారం, రాత్రి 10:04

నాకు పలాస దగ్గరే, నేనూ వస్తాను. ఇంకో బంతి తెప్పించి ఉంచుతాను.